ఆరున్నొక్కటి

సీతారావమ్మ గారి గురించి ఎవరడిగినా నేను కొండపల్లి కోట సంగతే ముందు చెబుతాను. ఆవిడ పుట్టింది చల్లపల్లి దగ్గర, పెరిగింది వడ్ల రాశుల మధ్య, భవానీపురంలోని మా చిన్న బడిలో ఆయాగా చేరి పద్దెనిమిదేళ్ళయింది. ఇవన్నీ ఎవరైనా చెప్పగలరు. కానీ ఆ మనిషి ఏమిటో తెలియాలంటే ఆ రోజు ఆ కొండ మీద చూసి ఉండాలి. నేను చూశాను. చూసి సిగ్గుపడ్డాను కూడా. ఎందుకో అదీ చెబుతాను.

నా పేరు స్టెల్లా. ఆ బడిలో ఒకటో తరగతి టీచర్ని. గుణదల నుంచి రోజూ రెండు ఆటోలు మారి వస్తాను. నాకు ముక్కు మీద కోపం అని ఇంటా బయటా అంటారు. అబద్ధమేమీ కాదు. కానీ సీతారావమ్మ గారి మీద మాత్రం నేను బడిలో చేరిన ఈ పన్నెండేళ్ళలో ఒక్కసారే కోపం వచ్చింది, అదీ ఆ కొండ మీదే.

ఆవిడ నాన్న కళ్ళాల్లో ధాన్యం కొలిచే మనిషి. కుంచంతో కొలిచి గోనెలోకి పోస్తూ లెక్క పైకే పాడేవాడట. మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. రెండు, మూడు, నాలుగు మామూలే. ఆరు దాటాక ఏడు అనడు. ఏడు అంటే ఏడవమన్నట్టు వినిపిస్తుంది కదా, అందుకని ఆరున్నొక్కటి అంటాడు. తర్వాత ఎనిమిది. మన పెద్దవాళ్ళంతా ఒకప్పుడు ఇలాగే కొలిచారు, ఇప్పుడు కాటాలొచ్చి ఆ పాట పోయింది. సీతారావమ్మ గారి నోట్లో మాత్రం పోలేదు. ఆవిడ ధాన్యం బదులు పిల్లల్ని లెక్కపెట్టేది, అంతే తేడా.

పొద్దున బస్సు దిగినప్పుడు, అన్నాలప్పుడు, సాయంత్రం గేటు దగ్గర, రోజుకి మూడుసార్లు పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కళ్ళ నెత్తి మీద చెయ్యి వేస్తూ పాడేది. "లాభం" అంటే మొదటి పిల్ల "ఉన్నా" అనాలి. "రెండు" అంటే రెండోవాడు "ఉన్నా" అనాలి. పిల్లలకి అదొక ఆట. జ్వరం వచ్చి నీరసంగా ఉన్నవాడు కూడా తన వంతు వచ్చేసరికి కళ్ళు తెరిచి "ఉన్నా" అనేవాడు. మా బడిలో క్లాసులో వన్ టూ త్రీలే. ముస్లిం పిల్లలకి ఇంట్లో ఏక్ దో తీన్. అందరికీ తెలుగు అంకెలు వినబడేది సీతారావమ్మ గారి నోటి నుంచే.

దాంతోనే వచ్చింది చిక్కు. కిందటేడు బడి వార్షికోత్సవంలో తెలుగు అంకెలు చెప్పమని చక్రి అనే పిల్లాణ్ణి స్టేజీ ఎక్కించాం. వాడు మైకు పట్టుకుని, ఛాతీ విరుచుకుని, "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టి ఆరున్నొక్కటి మీదుగా ఇరవై దాకా ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు. హాలంతా పగలబడి నవ్వింది. వాళ్ళమ్మ ఛాయాదేవి గారు బ్యాంకులో ఆఫీసరు. ఆవిడ నవ్వలేదు. మర్నాడు వచ్చి, "మేం ఫీజులు కట్టి పంపించేది వడ్లు కొలవటం నేర్పించటానికాండీ?" అని అడిగి వెళ్ళింది.

అప్పటికి మా బడికి కొత్త అడ్మినిస్ట్రేటర్ వచ్చి మూణ్ణెల్లయింది. జయకృష్ణ సార్. ముప్పై ఏళ్ళుంటాయి. చెడ్డవాడు కాదు. పొద్దున అందరికంటే ముందు వచ్చేవాడు, కుళాయి కారుతుంటే తనే బిగించేవాడు. కానీ ఏదైనా కాగితం మీద ఉంటేనే ఉన్నట్టు లెక్క ఆయనకి. సీతారావమ్మ గారిని పిలిపించాడు. క్లాసు టీచర్నని నన్నూ కూర్చోమన్నాడు.

"ఏడుని ఏడు అనటానికి నీకేంటి కష్టం ఆయమ్మా?" అన్నాడు.

"వడ్లగింజని పట్టుకునే ఏడు అనం సార్. పసిబిడ్డ నెత్తి మీద చెయ్యేసి అంటామా?" అంది ఆవిడ.

"అది మూఢనమ్మకం."

"అయితే అయ్యుంటది సార్. ఎవరికీ నష్టం లేదుగా."

"నష్టం ఉంది. పేరెంట్స్ కంప్లెయింట్ ఇచ్చారు. వచ్చేవారం కొండపల్లి కోటకి పిల్లల్ని తీసుకెళ్తున్నాం. అక్కడ లెక్క నేను పెడతాను, సరైన తెలుగులో పెడతాను. నువ్వు ఒక్కసారి నీ లెక్క పాడావంటే ఇంక పిల్లల దగ్గరికి రానక్కర్లేదు. వంటగదిలో గిన్నెల పని చూసుకో."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "సరే సార్, లెక్క కోసం నోరు విప్పను," అంది. నా వైపు చూసింది. ఆ చూపులో అడగటమేమీ లేదు గానీ నేనే మాట్లాడి ఉండాల్సింది. పన్నెండేళ్ళలో ఈవిడ చేతిలో ఒక్క పిల్ల తప్పిపోలేదు సార్ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. వీధిలో కూరగాయలవాడి మీద లేచే నోరు అక్కడ లేవలేదు. కుక్కిన పేనులా కూర్చున్నాను. నాకు సిగ్గు అన్నది ఇదే.

గిన్నెలు కడగటం తక్కువ పని అని కాదు. కానీ ఆవిడకి భర్త పోయి ఇరవై ఏళ్ళు, సొంత పిల్లలు లేరు. ఆ మూడుసార్లు నెత్తుల మీద చెయ్యి వెయ్యటమే ఆవిడ రోజు. అది తీసేస్తే ఏం మిగులుతుందో నాకు తెలుసు.

డిసెంబరు నెల, శుక్రవారం. ఇరవై ఆరుగురు పిల్లలు, అందరూ ఐదారేళ్ళవాళ్ళు. జయకృష్ణ సార్ రోజూ నిలబడే వరస ప్రకారమే ఒక్కొక్కరి చొక్కాకి ఒక అంకె ఉన్న బిళ్ళ గుచ్చాడు. బస్సులో నిలబడి, "ఒకటి" అన్నాడు. రోజూ లాభానికి పలికే అర్ఫా దిక్కులు చూసింది. సార్ బిళ్ళ చూపిస్తే చెయ్యెత్తి "ప్రెజెంట్ సార్" అంది. మిగతావాళ్ళు సర్దుకున్నారు. "ఏడు" అన్నప్పుడు రిజ్వాన్ పలకలేదు. కింది పెదవి కొంచెం ముందుకొచ్చింది. పక్కనున్న ఆఫ్రీన్ మోచేత్తో పొడిస్తే చెయ్యెత్తాడు. సార్ టిక్కు పెట్టుకుని ఎనిమిదికి వెళ్ళిపోయాడు. నేను ఆ పెదవిని చూశాను, పట్టించుకోలేదు.

రిజ్వాన్ వాళ్ళ నాన్న కాశిం గారికి మా బడి వెనక సందులోనే టైర్ల షాపు. వాడు బక్కగా, నెమ్మదిగా ఉంటాడు. మందలిస్తే ఎదురు చెప్పడు, చెప్పింది చేసేస్తాడు. కూర్చోమంటే మళ్ళీ లేవమనే దాకా కూర్చునే రకం.

ఇబ్రహీంపట్నం దాటి, కొండపల్లి ఊరి పక్కగా బస్సు ఘాట్ రోడ్డెక్కింది. పైన దిగి మెట్లెక్కి కోట గుమ్మంలోకి వెళ్ళేసరికి పిల్లలకి రెక్కలొచ్చాయి. కూలిన గోడలు, పైకప్పు లేని గదులు, రాళ్ళ సందుల్లో మొలిచిన గడ్డి. పెద్దవాళ్ళకి అది చరిత్ర. పిల్లలకి అదొక ఇల్లు, ఎవరో పగలగొట్టిన ఇల్లు.

"టీచర్, దీన్ని ఎవరు పగలగొట్టారు?" అంది అర్ఫా.

రెడ్డి రాజులు కట్టారు, తర్వాత ఎందరో ఏలారు, చివరికి తెల్లవాళ్ళు సిపాయిల్ని ఉంచారు అని నేను చెప్పబోయాను. వినేవాళ్ళెవరు. అప్పటికే చక్రి గోడ మీంచి దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చూసి, అవి రాజు గారి వంటిల్లు అని తేల్చేశాడు. పొగ వస్తోంది కాబట్టి రాజు గారింట్లో ఇంకా వంట కాలేదని ఆఫ్రీన్ అంది. సీతారావమ్మ గారు నవ్వి, "కాలేదు, మనమే ముందు తింటన్నాం," అంది. ఆ రోజంతా ఆవిడ మామూలుగానే ఉంది. ఏనుగులు కట్టేసేవాళ్ళట అని చెప్పిన చోట పిల్లల చేత ఏనుగు నడక నడిపించింది, తనూ నడిచింది. లెక్క ఒక్కటే పైకి రానివ్వలేదు. పెదవులు మాత్రం అప్పుడప్పుడూ కదిలేవి.

ఒక పెద్ద గోడ నీడలో పులిహోర పొట్లాలు విప్పాం. తిన్నాక సార్ పది నిమిషాలు ఆడుకోమన్నాడు, కనిపించేంత దూరంలోనే. తర్వాత ఈల వేసి వరసలో నిలబెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆరు దాకా ప్రెజెంట్ సార్. "ఏడు" అన్నాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ "ఏడు" అన్నాడు. ఆఫ్రీన్ మోచెయ్యి ఈసారి గాల్లోకి వెళ్ళింది. పక్కన ఎవరూ లేరు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ కోటలో కోనేరుంది. ఒక పక్క గోడ కూలిపోయి తిన్నగా లోయే. మరియమ్మ తల్లీ అనుకుంటూ అటు పరుగెత్తాను. సార్ కోనేటి వైపు పరుగెత్తాడు. "రిజ్వాన్" అని అరిచాం. గోడలు ఆ అరుపునే తిప్పి మా మొహాన కొట్టాయి. ఇద్దరికీ గొంతులో భయం, భయమంతా బయటికి కోపంలా వస్తోంది. కాసేపటికి సార్ పేరు మానేసి అంకెతో పిలవటం మొదలుపెట్టాడు, పొద్దున్నించీ అలవాటైన పిలుపు కదా అని. "ఏడూ, ఎక్కడున్నావ్? ఏడూ." నాకూ బుర్ర పని చెయ్యలేదు. నేనూ అందుకున్నాను. ఆ చివర ఆయన, ఈ చివర నేను, మధ్యలో కూలిన గోడలు, "ఏడు, ఏడు" అని అరుస్తూ తిరిగాం. ఇరవై నిమిషాలు. మమ్మల్ని చూసి మిగతా పిల్లలు ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నారు.

నేను వగరుస్తూ తిరిగి వచ్చేసరికి సీతారావమ్మ గారు ఆ పాతికమంది మధ్యలో నిలబడి ఉంది. ఒక చిన్నపిల్ల చంకలో ఉంది, ఇద్దరు చీర పట్టుకుని ఉన్నారు. సార్ కూడా వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పోలీసులకి ఫోన్ చెయ్యాలి అంటున్నాడు, ఫోన్ తలకిందులుగా పట్టుకున్నాడు.

"సార్," అంది ఆవిడ. "మాట తప్పుతున్నాను. రేపట్నించి గిన్నెల దగ్గరే ఉంటాను, మీరేం మొహమాటపడమాకండి. స్టెల్లమ్మా, పిల్లల్ని వరసలో నిలబెట్టు."

గొంతులో వణుకు లేదు. నిలబెట్టాను. ఏడో చోటు ఖాళీగా ఉంచమంది. ఉంచాను. ఏడుస్తున్న పిల్లలు ఆ వరస చూడగానే ముక్కులు తుడుచుకున్నారు, ఆట మొదలవుతోందని వాళ్ళకి తెలుసు.

"లాభం," అంది, అర్ఫా నెత్తి మీద చెయ్యి వేసి. అరుపు కాదు. కళ్ళంలో ఈ చివర పాడితే ఆ చివరివాడికి వినపడే గొంతు అది. నేను బడిలో ఎప్పుడూ విననంత పెద్దగా పాడింది.

"ఉన్నా."

"రెండు."

"ఉన్నా."

తొందర లేదు. మూడు. నాలుగు. ఐదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లాడు లోయలో పడ్డాడో కోనేట్లో పడ్డాడో తెలియక మేం చస్తుంటే ఈవిడ వడ్లు కొలుస్తున్నట్టు నిలబడిందేమిటి అనుకున్నాను. పన్నెండేళ్ళలో వచ్చిన ఆ ఒక్క కోపం ఇదే.

"ఆరు."

"ఉన్నా," అంది ఆఫ్రీన్.

ఆవిడ ఒక అడుగు జరిగింది. ఖాళీ చోట చెయ్యి చాపింది. రిజ్వాన్ నెత్తి ఎంత ఎత్తులో ఉంటుందో సరిగ్గా అంత ఎత్తులో ఆపింది.

"ఆరున్నొక్కటి."

అదే గొంతు, అదే రాగం. ఎక్కువా లేదు తక్కువా లేదు. ఆ తర్వాత ఆగి ఎదురు చూసింది. చెయ్యి ఆ గాల్లోనే ఉంది.

"ఉన్నా."

చాలా చిన్నగా వచ్చింది, మా వెనకనున్న కూలిన గోడ అవతల నుంచి. ఇరవై అడుగుల దూరం కూడా ఉండదు. ఆ గోడ పక్కగా నేను రెండుసార్లు పరుగెత్తాను.

సార్ ఒక్క ఉదుటున కదిలాడు. సీతారావమ్మ గారు చెయ్యెత్తి ఆపింది. ఆపి, "ఎనిమిది," అంది. ఎనిమిదోవాడు "ఉన్నా" అన్నాడు. తొమ్మిది, పది. ఒక్కళ్ళనీ వదల్లేదు. ఇరవై ఆరు దాకా లెక్క నడిపించింది. మధ్యలో ఆపేసి అందరూ మీద పడితే తనేదో తప్పు చేశానని వాడు ఇంకా లోపలికి ముడుచుకుపోతాడు, లెక్క మామూలుగా ముందుకెళితే తనూ మామూలుగానే ఉన్నానని అనుకుంటాడు. ఇది ఆవిడ నాకు చెప్పలేదు. వినగా వినగా నాకే తట్టింది. అప్పటికి నా కోపం ఎటు పోయిందో తెలియదు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

లెక్క అయ్యాక ఆవిడ గోడ అవతలికి వెళ్ళింది. నేనూ సారూ వెనకే వెళ్ళాం. రాళ్ళు ఊడిపోయిన చోట ఒక గూడు, దీపాలు పెట్టుకునే గూడు కంటే కొంచెం పెద్దది. అందులో మోకాళ్ళు కడుపులోకి లాక్కుని కూర్చున్నాడు రిజ్వాన్. మొహమంతా కన్నీళ్ళూ చీమిడీ మట్టీ. నిక్కరు తడిసిపోయి ఉంది. ఆటలో ఆపుకోలేకపోయాడు, ఎవరైనా చూస్తారని అక్కడ దూరాడు. అంతే జరిగింది.

ఆవిడ ఏమీ అడగలేదు. చేతిసంచిలోంచి వేరే నిక్కరు తీసింది. ఎక్కడికి వెళ్ళినా ఆ సంచిలో రెండుంటాయి. చీర చెంగు అడ్డం పట్టి వాడికి మార్చి, అదే చెంగుతో మొహం తుడిచింది. వాడు ఆవిడ భుజం పట్టుకుని నిలబడి వెక్కుతూనే ఉన్నాడు, లోపల్నించి కుదుపుగా వస్తోంది వెక్కు.

జయకృష్ణ సార్ వాడి ముందు మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"మేం అంతసేపు పిలుస్తుంటే పలకలేదేం నాన్నా? నీకు వినపడలేదా?"

"వినపడింది సార్."

"మరి?"

రిజ్వాన్ ఒకసారి ఆయన్నీ ఒకసారి నన్నూ చూశాడు. మమ్మల్ని తప్పు పట్టటం కాదు, చెప్పిన పని సరిగ్గా చేశానో లేదో అన్న అనుమానం వాడిది.

"మీరు ఏడు, ఏడు అన్నారుగా సార్. టీచరమ్మ కూడా అంది. నేను ఏడుస్తానే ఉన్నా. మీరు ఆపమన్లా."

సార్ వాడి చొక్కా మీదున్న బిళ్ళ కేసి చూశాడు. చాలాసేపు చూశాడు. ఐదేళ్ళ పిల్లాడు చీకటి గూట్లో ఒంటరిగా కూర్చుని, ఇద్దరు పెద్దవాళ్ళు ఇరవై నిమిషాలు ఏడవమని అరుస్తుంటే, సరే అని ఏడ్చాడు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని.

"సార్, ఆ రోజు మీ గదిలో చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను," అన్నాను. "ఈవిడ గిన్నెల దగ్గరికి వెళితే నేనూ వెళతాను."

సార్ నా మాట విన్నట్టు లేదు. బిళ్ళ విప్పి జేబులో వేసుకున్నాడు. లేచి సీతారావమ్మ గారి వైపు తిరిగాడు. మూణ్ణెల్లలో మొదటిసారి ఆవిణ్ణి మీరు అన్నాడు.

"గిన్నెల సంగతి మర్చిపోండమ్మా. కొండ దిగేటప్పుడు లెక్క మీరే పెట్టండి. రేపూ మీరే పెట్టండి. ఛాయాదేవి గారికి నేను చెప్పుకుంటాను."

"పెడతాను సార్, దానికేముంది," అంది ఆవిడ. "ముందు వీడికి ఆపమని చెప్పండి. మీరు చెబితే గానీ ఆపడు."

ఆయన మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇంక చాలు నాన్నా. ఆపెయ్."

రిజ్వాన్ ఆపేశాడు.